బంకాయన ఆఖరి పోస్టర్

మా నాన్నను ఊరంతా బంకాయన అనేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. నాటక కంపెనీకి గోడల మీద పోస్టర్లు అంటించడం ఆయన ఉద్యోగం. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, బకెట్టు సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని తెల్లవారగానే బయల్దేరేవాడు. తను అంటించిన కాగితంలో ఒక్క ముడత చూపించమని పందెం కాసేవాడట. ఎవరైనా గెలిచినట్టు నేను వినలేదు.

ఆ కంపెనీలోనే మా అమ్మ వేషాలు వేసేది. నాకు నడక వచ్చీరాని రోజుల్లో, ఒక నాటకం ఇంకా ఆడుతూ ఉండగానే, చెప్పాపెట్టకుండా కంపెనీ యజమానితో కలిసి వెళ్లిపోయింది. యజమాని లేని కంపెనీ మర్నాడే మూతపడింది. ఊళ్లోవాళ్లకు నవ్వుకోవడానికి ఒక మాట దొరికింది. ఊరంతా అంటించిన మనిషి ఇంట్లో పెళ్లాన్ని అంటించుకోలేకపోయాడట. నేను బడికి వెళ్లేనాటికి కూడా ఆ జోకు పాతబడలేదు. పిల్లలు నన్ను బంకదానా అని పిలిచేవారు. నేనూ తక్కువ తినలేదు, పిలిచినవాళ్ల పలకలు పగలగొట్టేదాన్ని.

ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉన్నవాటిని నాన్న ఏం చేశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పెద్దయ్యాక నేను ఫోటోఫ్రేముల దుకాణం పెట్టుకున్నాను. దుకాణం వెనక రెండు గదుల్లో నేనూ నాన్నా ఉంటాం. ఊళ్లో అందరి అమ్మల ఫోటోలకూ చెక్క కోసి, అద్దం వేసి, మేకులు కొట్టి ఇస్తాను. "మా అమ్మకి ఉన్న ఫోటో ఇదొక్కటే, జాగ్రత్తండీ" అని నా చేతిలో పెట్టి, రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చి అదే మాట చెప్పి వెళ్తారు. సరేనంటాను. మా అమ్మ ముఖం ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. అద్దంలో నా ముఖం చూసుకుని, నాన్నవి కానివన్నీ ఆవిడవే అయి ఉంటాయని లెక్క వేసుకునేదాన్ని. చెవులు నాన్నవి కావు. పైపెదవి కాదు. ఆ లెక్క ఎప్పుడూ అక్కడే ఆగిపోయేది.

కిందటి నెలలో ఒక ఫోను వచ్చింది. ఆడగొంతు.

"అక్కా, నేనెవరో మీకు తెలీదు. అమ్మ పోయింది."

ఎవరి అమ్మ అని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను.

"మన అమ్మ" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మన అట. యజమానికి పుట్టిన కూతురని అప్పుడు అర్థమైంది. యజమాని ఎప్పుడో పోయాడట. ఇప్పుడు అమ్మ కూడా పోయింది కాబట్టి ఇల్లు ఖాళీ చేస్తోందట. పాత నాటకాల పోస్టర్లు పెట్టె నిండా ఉన్నాయట, అలాంటివి సేకరించేవాళ్లు ఎగబడుతున్నారట. కొనేవాడు వచ్చి మూట కట్టుకుపోయేలోగా మీకేమైనా కావాలేమోనని అడుగుతున్నానంది. నాకేమీ అక్కర్లేదని ఫోను పెట్టేశాను.

నాన్నకు ఎలా చెప్పాలో తెలియక భోజనం వడ్డిస్తూ చెప్పాను. "ఆవిడ పోయిందట నాన్నా." ఆయన తినడం ఆపలేదు. కంచం ఖాళీ చేశాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్లి పడుకున్నాడు. ఈయన గుండె కూడా బంక ఆరినట్టు గట్టిపడిపోయిందని విసుక్కున్నాను. మర్నాడు నేను చెక్క కోస్తుంటే చేతికర్ర పొడుచుకుంటూ దుకాణంలోకి వచ్చాడు.

"ఆఖరి ఆట పోస్టరు ఉందేమో కనుక్కో."

"ఏ ఆఖరి ఆట?"

"రాణి వేషం. సగంలో ఆగిపోయింది కదా. అది."

"దేనికి నాన్నా ఇప్పుడు?"

"ఉందేమో కనుక్కోమన్నాను. ఉంటే తెమ్మన్నాను."

మా నాన్న నన్ను ఏదైనా కావాలని అడిగిన గుర్తు లేదు. చెప్పులు అరిగి వేళ్లు బయటికి వచ్చినా నేను చూసి కొనాల్సిందే. అందుకని పౌరుషం దిగమింగి ఆ పిల్లకి నేనే ఫోను చేశాను. ఉందంది. ఒక్కటే ఉందట. కొరియర్‌లో పంపనా అని అడిగింది. కొరియర్‌లో బయల్దేరిన కాగితాలు ఏ అవతారంలో చేరతాయో ఫ్రేములు కట్టేవాళ్లను అడగాలి. వద్దు, నేనే వస్తానన్నాను. మధ్యలో సముద్రం ఉంది, విమానం తప్ప దారి లేదు. నాన్న కోసం వెళ్తున్నానని ఇరుగుపొరుగుకి చెప్పాను, నాకూ అలాగే చెప్పుకున్నాను. శుద్ధ అబద్ధం. రాణి వేషం పోస్టర్ మీద మా అమ్మ బొమ్మ నిలువెత్తున ఉంటుందని నాన్న ఎప్పుడో ఎవరితోనో అంటుండగా విన్నాను. ఆ ముఖం నాకు కావాలి. దుకాణంలో నా కుర్చీకి ఎదురుగోడ మీద, నేను కట్టిన ఫ్రేములో కావాలి. అంతకంటే నాకు వేరే ఆశ లేదు.

బయల్దేరే ముందు నాన్న రెండు మాటలు చెప్పాడు.

"ఇంకోటి కూడా తే. అదే సైజుది. ఏ ఆటైనా పరవాలేదు."

"రెండోది ఎందుకు?"

"తే. ఇంకోమాట. చుట్టేటప్పుడు కాళ్లవైపు నుంచి చుట్టు. విప్పగానే తల ముందు రావాలి."

పోస్టర్లు అంటించేవాళ్లు అలాగే చుట్టుకుంటారు. నిచ్చెన మీద ఉన్న మనిషి తలవైపు ముందు గోడకు పట్టించి, కిందికి జార్చుకుంటూ వస్తాడు. కాళ్లు ముందు వస్తే కిందామీదా పడాలి. "నేను గోడకి అంటించడం లేదు నాన్నా, ఫ్రేము కడుతున్నాను. ఎటు చుట్టినా ఒకటే" అన్నాను. "చెప్పింది చెయ్యి" అన్నాడు. పాత అలవాటు, పోనీలే అనుకున్నాను.

ఆ పిల్ల ఇల్లు అయిదో అంతస్తులో ఉంది. గోడలకు మేకుల గుర్తులు, నేల మీద అట్టపెట్టెలు. ఇంకా దించని ఫోటోలు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిలో ఒక ముసలావిడ కళ్లద్దాలు పెట్టుకుని, వాలుకుర్చీలో కూర్చుని, ఒళ్లో పిల్లిని పెట్టుకుని ఉంది. అదే మా అమ్మ అని చెప్తే చూశాను. నాకేమీ అనిపించలేదు. దారిలో ఎదురైతే పెద్దావిడ కదా అని పక్కకు తప్పుకునేదాన్ని, అంతే.

ఆ పిల్ల మంచిదే. అదే నాకు నచ్చలేదు. కసురుకుంటే కసురుకోవడానికి వీలుగా కాస్త చెడ్డదై ఉండాల్సింది. మంచినీళ్లు ఇచ్చి, కుర్చీ తుడిచి, నిలబడే మాట్లాడింది.

"నా నంబరు నీకెలా దొరికింది?" అని అడిగాను.

"అమ్మే చెప్పింది అక్కా. ఆ ఊళ్లో ఫ్రేముల దుకాణం ఉంటుంది, కనుక్కో అంది."

"దుకాణం సంగతి ఆవిడకెలా తెలుసు?"

"ఎప్పట్నుంచో తెలుసంది. నాకే మీ గురించి ఈమధ్య దాకా చెప్పలేదు."

గ్లాసు కింద పెట్టేశాను. మా అమ్మకు నేనెక్కడున్నానో తెలుసు. నేనేం చేస్తానో తెలుసు. విమానం ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం. తెలియక రాలేదని ఇన్నేళ్లూ నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆ సర్దుబాటు కూడా ఆ గదిలోనే పోయింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"పోస్టరు చూపించు" అన్నాను.

మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద విప్పింది. మా అమ్మ కిరీటం పెట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, నావైపు చూస్తోంది. నిజం మనిషి ముఖం ఎంత ఉంటుందో అంత ముఖం. ఆ చెవులు నావే. పైపెదవి నాదే. కళ్లు మాత్రం నేను లెక్క కట్టలేనివి, నవ్వబోయి ఆగిన కళ్లు. కింద ఎర్ర అక్షరాల్లో ఆవిడ పేరు. నన్ను చంకనెత్తుకుని తిరిగినప్పటి ముఖం ఇది. గోడ మీది ముసలావిడది కాదు, ఇది. ఆ పిల్ల ముందు బయటపడకూడదని పోస్టర్ అంచులు పరీక్షిస్తున్నట్టు నటించాను.

"ఫోన్‌లో ఫోటో తీసుకోండి అక్కా" అంది. తీశాను. పైనున్న ట్యూబ్‌లైటు సరిగ్గా ముఖం మీద పడి, తెల్లటి మరక వచ్చింది. మళ్లీ తీసినా అంతే. ఇంటికి వెళ్లాక పగటి వెలుతురులో తీరిగ్గా తీసుకోవచ్చని ఊరుకున్నాను.

చుట్టడానికి ఆ పిల్ల పాత పేపర్లు, రబ్బరుబ్యాండ్లు పట్టుకొచ్చింది. వాటిని చూస్తే నాకు కళ్లు తిరిగాయి. పేపరు సిరా అంటుకుంటుంది, రబ్బరుబ్యాండు నొక్కినచోట పాత కాగితం విరుగుతుంది. నా సరంజామా నేను తెచ్చుకున్నాను. జనం చేసే తప్పు ఏమిటంటే, పోస్టర్‌ను సన్నగా చుట్టి గొట్టంలోకి కుక్కుతారు. తీసేటప్పుడు అంచులు చిరుగుతాయి. నేను ముందు లావుపాటి అట్టగొట్టం తీసుకుని, దానికి పల్చటి మెత్తని కాగితం తొడిగి, బొమ్మ బయటివైపుకు ఉండేలా, దాని మీద చుట్టాను. బొమ్మ లోపలికి ఉంటే పాత రంగు నలిగి పొరలు లేస్తుంది. నాన్న చెప్పినట్టే కాళ్లవైపు నుంచి మొదలుపెట్టాను. రెండో పోస్టర్ ఒక హాస్యనాటకానిది, బుర్రమీసాలవాడు నిచ్చెన మీంచి జారిపడుతున్నట్టు బొమ్మ. దాన్ని పైన చుట్టాను, బయటి దెబ్బ ఏదైనా తగిలితే వాడికి తగలాలని. మధ్యలో మళ్లీ మెత్తని కాగితం, పైన ప్లాస్టిక్కు, నూలు నాడాతో వదులుగా ముడి. ఆ మొత్తాన్ని అంతకంటే లావైన నీళ్లపైపు ముక్కలోకి దింపి, రెండువైపులా మూతలు బిగించాను. ఏనుగు తొక్కినా లోపల ఏమీ కాదు.

గుమ్మం దాకా వచ్చిన ఆ పిల్ల, "మళ్లీ వస్తారా అక్కా" అంది. గొట్టం బరువుగా ఉందని చెప్పి మెట్లు దిగాను.

చంటిపిల్లను ఎత్తుకుని విమానం ఎక్కేవాళ్లకు అందరూ దారి ఇస్తారు. గొట్టాన్ని ఎత్తుకుని ఎక్కితే అందరికీ అనుమానమే. కౌంటరు దగ్గరి అమ్మాయి దాన్ని టేపుతో కొలిచి పెదవి విరిచింది.

"పొడుగెక్కువ ఉంది మేడమ్. లగేజీలో వేసేయండి."

"వెయ్యను."

"ఫ్రాజైల్ స్టిక్కరు అంటిస్తాను."

"ఆ స్టిక్కరు కనిపిస్తే మీవాళ్లు ఇంకాస్త దూరం నుంచి విసురుతారు. చూడమ్మా, ఇది నా చేతిలోనే ఉండాలి."

"లోపల ఏముంది మేడమ్?"

"మా అమ్మ."

నోరు జారింది. ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. బూడిద అయితే కాగితాలు వేరే ఉండాలి మేడమ్ అని గొణిగి, లోపలికి వెళ్లి పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. పోస్టర్ అని, పాతదని, మా అమ్మ బొమ్మ ఉందని చిలక్కి చెప్పినట్టు మళ్లీ మొదట్నుంచి చెప్పుకొచ్చాను. విమానంలో చోటుంటే సరే, లేకపోతే తలుపు దగ్గరే తీసుకుని కింద వేస్తామన్నాడు. పాపం, ఆయన చెప్పింది సబబే. సబబుగా మాట్లాడేవాళ్లను ఆ రోజు భరించే స్థితిలో నేను లేను.

తనిఖీ దగ్గర ఇంకో తంటా. మెషీనులోంచి పంపినా గార్డుకు తృప్తి కలగలేదు. మూత తీయించాడు, లోపలున్నది లాగబోయాడు. "చెయ్యి తీయండి, నేనే తీస్తాను" అని అరిచాను. బల్ల శుభ్రంగా తుడిపించి, నాడా విప్పి, బుర్రమీసాలవాణ్ణి పక్కన పెట్టి, మా అమ్మను జానెడు విప్పాను. తల ముందు వచ్చింది. కిరీటం, నుదురు, కళ్లు.

"ఎవరీవిడ?" అన్నాడు గార్డు.

"నాటకాల్లో వేసేది."

"బాగుంది."

"అందుకే వచ్చింది గొడవంతా" అని మళ్లీ చుట్టేశాను. వెనక వరసలో ఉన్నవాళ్లు నన్ను మనసులో తిట్టుకుంటున్నారని తెలుసు. తిట్టుకోనీ అనుకున్నాను.

విమానం తలుపు తెరవగానే ముందు నేనే ఉన్నాను. ఎయిర్‌హోస్టెస్‌ను కోట్లు పెట్టుకునే అర చూపించమని అడిగితే, అక్కడ ఎవరిదో చక్రాల కుర్చీ మడిచి పెట్టి ఉంది. చివరికి నా సీటు పైనున్న అరలో లోపలివైపుకు, పొడుగునా పడుకోబెడితే పట్టింది. నా శాలువా దాని కింద దిండులా పెట్టాను. కూర్చున్నాననుకునేలోగా ఒక పెద్దమనిషి వచ్చి, చక్రాల పెట్టెను పైకెత్తి, భుజంతో లోపలికి తోయబోయాడు. లేచి అడ్డంగా చెయ్యి పెట్టాను.

"అక్కడ పగిలేది ఉంది."

"నీదొక్కదానిదేనా అర?"

"మీ పెట్టెకి చక్రాలున్నాయి, ఎక్కడైనా బతుకుతుంది. అవతల పెట్టుకోండి."

ఎయిర్‌హోస్టెస్ వచ్చి కూర్చోమంది. పెట్టె కదిలితే కూర్చుంటానన్నాను. ఆ పెద్దమనిషి నా వయసు చూసో, నా వాలకం చూసో, దండం పెట్టినంత పనిచేసి పెట్టె ఇంకోచోట పెట్టుకున్నాడు. దారిలో విమానం గుంతల రోడ్డు మీది బస్సులా ఊగింది. జనమంతా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. నేను మాత్రం అర తలుపు ఊడుతుందేమోనని పైకే చూస్తూ కూర్చున్నాను. నన్ను దించేసి వెళ్లిపోయిన మనిషిని ఇలా కంటికి రెప్పలా కాస్తున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది. అయినా చూపు దించలేదు.

గొట్టం మీద గీత పడకుండా ఇల్లు చేరాను. నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నన్ను ఎలా ఉన్నావని అడగలేదు.

"దొరికిందా?"

"దొరికింది."

"తల ముందేనా?"

"ముందే నాన్నా. ఇప్పుడు విప్పకు. విమానం చలిలోంచి వచ్చింది, కాగితం ఈ గదిలో గాలికి అలవాటు పడాలి. రేపు తీద్దాం."

సరేనని తలూపాడు. ఆ పూటంతా నేను చెక్క ఏరుతూ కూర్చున్నాను. ఏ ఫ్రేముకూ పట్టనంత సేపు పట్టింది. లేత రంగు వేస్తే కిరీటం వెలవెలబోతుందని ముదురు రంగు చెక్క తీసి, నాలుగు మూలలూ కోసి, నునుపు పట్టి, జిగురు పెట్టి బిగించాను. మర్నాడు పొద్దున్నే, వెలుతురు పడినా మెరుపు కొట్టని అద్దం కోసం అద్దాల వ్యాపారి దగ్గరికి వెళ్లాను. కొలతకు కోయించి, గోనెపట్టాలో చుట్టి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దారంతా నా మనసు తేలిగ్గా ఉంది. చాలా ఏళ్లకు అలా ఉంది.

ఇంట్లోకి వచ్చేసరికి గొట్టం మూత తీసి ఉంది. లోపలి మెత్తని కాగితాలు మడతపెట్టి, పక్కన నాడా చుట్టపెట్టి ఉంది. అట్టగొట్టం ఒంటరిగా మంచం మీద ఉంది. వంటగదిలోంచి ఉడికిన మైదా వాసన వస్తోంది. పొయ్యి మీది గిన్నెలో బంక తెల్లగా అట్టకట్టి ఉంది. అద్దం గోడకు చేరేసి, వెనక తలుపులోంచి సందులోకి పరిగెత్తాను.

మా దుకాణం పక్కగోడ సందులోకి ఉంటుంది. ఆ గోడ మీద మా అమ్మ ఉంది. నిలువునా, తిన్నగా, తడితో మెరుస్తూ ఉంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. తడికి రంగులన్నీ లేచి, నిన్నమొన్న అచ్చువేసినట్టు ఉన్నాయి. నాన్న స్టూలు మీద నిలబడి ఉన్నాడు. గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి బ్రష్షు పట్టుకుని నిబ్బరంగా ఉంది. రెండో చేతి మీద బుర్రమీసాలవాడి పోస్టర్ వేలాడుతోంది.

"నాన్నా, ఏం చేశావు?"

"ముడత ఉందేమో చూడు."

"ఇంకా తడిగానే ఉంది. నీళ్లు కొట్టి మెల్లిగా తీసేస్తాను. నువ్వు దిగు."

తీయగలను. అది నా పనే. బంక ఆరకముందు నీళ్లతో తడిపి, గుడ్డ ఆనించి లాగితే కాగితం వస్తుంది. దాని మీద ఇంకోటి పడిందా, ఇక బ్రహ్మదేవుడు కూడా రెండింటినీ విడదీయలేడు. నాన్నకూ ఆ సంగతి తెలుసు. స్టూలు దిగలేదు.

"ఆట అయిపోయిన మర్నాడు దాని మీద కొత్తది అంటించాలి" అన్నాడు. "మొదటిది ఎవరు అంటిస్తే, మీదది కూడా వాళ్లే అంటించాలి. చింపకూడదు, గీకకూడదు. కంపెనీలో పద్ధతి అది. దీని మీద నేను అంటించలేదు."

"కంపెనీయే లేదు నాన్నా ఇప్పుడు."

"అప్పుడూ లేదు. ఆవిడ వెళ్లిన మర్నాడు అంటించడానికి కొత్త పోస్టరే లేదు. ఊళ్లో ఏ గోడ చూసినా ఆవిడే. అన్నీ నేనంటించినవే. నిన్ను ఎత్తుకుని, పోస్టరు లేని సందులు వెతుక్కుని తిరిగేవాణ్ణి. ఒకరోజు ఎటో తిరగబోయి గంటస్తంభం దగ్గరికి వచ్చాం. నువ్వు చూశావు. చెయ్యి చాపి అమ్మా అన్నావు. గోడ దగ్గరికి తీసుకెళ్లమని ఏడ్చావు."

నాకు గుర్తు లేదు. గుర్తు లేని దానికి కూడా ఇంత నొప్పి ఉంటుందని నాకు తెలియదు.

"అప్పుడే చింపెయ్యాల్సింది" అన్నాను.

"చింపడం నా పని కాదు. వానలే తీసేశాయి అన్నిటినీ. నేను తీయలేదు, నేను మూయలేదు. అది అలా ఉండిపోయింది."

"నాకు కావాలి నాన్నా" అన్నాను. "నువ్వంటే చూశావు. కాపురం చేశావు. నాకు ఆవిడ ఎలా ఉంటుందో కూడా తెలీదు. నా దగ్గర ఏమీ లేదు."

ఆయన బ్రష్షు బకెట్టులో పెట్టాడు.

"చూడు" అన్నాడు. "నేను ఆగుతాను."

నేను చూశాను. గోడకు మూరెడు దూరంలో నిలబడి చూశాను. కిరీటం కింద వెంట్రుకలు, నా చెవులు, నా పెదవి, ఆ నవ్వబోయి ఆగిన కళ్లు. నన్ను ఎత్తుకున్న ముఖం ఇదేనని ఇంత దూరం మోసుకొచ్చాను. నన్ను దించేసి గుమ్మం దాటినప్పుడు కూడా ఇదే ముఖం. ఈ పోస్టర్ గోడల మీద మెరుస్తుండగానే ఆవిడ వెళ్లిపోయింది. ఫ్రేములో పెట్టి ఎదురుగోడకు తగిలించుకుంటే, నా దుకాణం ఎక్కడుందో తెలిసీ రాని మనిషి నేను చెక్క కోస్తున్నంతసేపూ గడ్డం పైకెత్తి నావైపు చూస్తూ ఉంటుంది. అది తెలుసు. తెలిసినా ఆ ముఖం కావాలనే ఉంది. ఆ కావాలనిపించడం మీదే నాకు అసహ్యం వేసింది. ఫోన్‌తో ఒక్క ఫోటో తీసుకోవచ్చని, ఎండ చక్కగా ఉందని కూడా అనిపించింది. ఫోను ఇంట్లో సంచిలో ఉండిపోయింది. నేను కదిలితే నాన్న ఆగుతాడో లేదో అని కాదు, నేను తిరిగి వచ్చేటప్పుడు నీళ్లు, గుడ్డ పట్టుకుని వస్తానని నాకు తెలుసు. అందుకే కదల్లేదు.

"ఎండకి ఆరిపోతోంది" అన్నాడు నాన్న మెల్లిగా.

బకెట్టులోంచి బ్రష్షు మళ్లీ తీశాడు.

"కింది మూల పట్టుకో. నాకు వంగితే నడుం పట్టేస్తోంది. వంకర పోతే బాగుండదు."

ఆయన కొత్తదాని తలను అమ్మ తల మీద సరిగ్గా ఆనించాడు. నేను వంగి కింది మూల పట్టుకున్నాను. నా బొటనవేలు ఎర్ర అక్షరాల్లో ఉన్న ఆవిడ పేరు మీద పడింది. బ్రష్షు మధ్యలోంచి పక్కలకు, పైనుంచి కిందికి వచ్చింది. ముందు కిరీటం పోయింది, తర్వాత నుదురు, తర్వాత కళ్లు. పెదవి దగ్గర ఆయన చెయ్యి ఒకసారి ఆగింది. ఆగి, మళ్లీ బంకలో ముంచుకుని కిందికి దిగింది. నా చేతి దగ్గరికి వచ్చేసరికి నేను బొటనవేలు తీశాను. ఆయన ఆ మూల కూడా నొక్కాడు.

సందులోంచి పోతున్న ఒకాయన సైకిలు ఆపి, నిచ్చెన మీంచి పడుతున్న బుర్రమీసాలవాణ్ణి చూసి నవ్వాడు. "ఎక్కడ ఆడుతున్నారు బంకాయనా?" అని అడిగాడు.

"అయిపోయింది" అన్నాడు నాన్న.

ఆయన్ను చెయ్యి పట్టుకుని స్టూలు మీంచి దింపాను. బకెట్టు నేనే తీసుకున్నాను. గోడవైపు చూడకూడదనుకుంటూనే ఒక్కసారి పైనుంచి కిందిదాకా చూశాను.

"ముడత లేదు నాన్నా" అన్నాను.

"ఉండదు" అన్నాడు.